ఎర్రమట్టి మెరక

అప్పనపల్లికి దిగువన, వైనతేయ గట్టు మీద, తూము దగ్గర మొదలై పడవల రేవు దాకా ఉన్న ముక్క కొండలరావుది. అతనిది అంటే పట్టా ఉందని కాదు. ఆ ముక్కకి అతను లస్కరు. ఏటిగట్టుకి ఇరిగేషన్ వాళ్ళు పెట్టిన కాపలా మనిషిని ఈ వైపు లస్కరంటారు. ఎండాకాలం గడ్డి కొట్టించడం, తుమ్మ మొక్కలు పీకించడం, వానలు మొదలైతే పందికొక్కుల బొరియలు వెతికి పూడ్చడం, వరదొస్తే రాత్రనక పగలనక తిరుగుతూ ఊట ఎక్కడ పడుతోందో కనిపెట్టడం అతని ఉద్యోగం. ఇన్నేళ్ళలో అతని ముక్కలో గట్టు తెగలేదు. అందుకని ఎవరూ సన్మానం చెయ్యలేదు. తెగని గట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

గట్టు మీద ఎవరైనా గునపం దించితే తన కడుపులో దించినట్టే ఉంటుంది కొండలరావుకి. ఒకసారి ఎవరో నాయకుడి పుట్టినరోజని కుర్రాళ్ళు గట్టు మీద రెండు గుంజలు పాతి ఫ్లెక్సీ కట్టారు. తెల్లారేసరికి అతను గుంజలు పీకి, గుంటలు పూడ్చి, దిమ్మిసతో కొట్టి, ఫ్లెక్సీని మడతపెట్టి పంచాయతీ అరుగు మీద పెట్టి వచ్చాడు. నాయకుడి మొహం మడతలో పడిందని కుర్రాళ్ళు గోల చేస్తే, మొహానికైతే ఇస్త్రీ ఉంది, గట్టుకి లేదు అన్నాడట. తలకి పాపిడి తీసుకోవడానిక్కూడా జంకుతాడని, గండి పడినట్టుంటుందని భయమని, రేవులో టీ కొట్టు దగ్గర హాస్యమాడతారు. పాపిడి తియ్యడానికి అక్కడ జుట్టు లేదన్నది వేరే సంగతి.

చిన్న గుంటే కదా అంటారు తెలియనివాళ్ళు. తవ్వి పూడ్చిన మట్టి గుల్లగా ఉంటుంది. ఎంత కొట్టినా కొన్నాళ్ళకి దిగుతుంది. గుల్లగా ఉన్నచోటికి ఊట వస్తుంది, ఊట వెంట మట్టి కొట్టుకొస్తుంది, ఆ తరవాత ఊళ్ళోకి ఏరు వస్తుంది. ఈ నాలుగు ముక్కలూ కొండలరావు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు.

అతనితోపాటు ఆ గట్టు మీద తిరిగింది ఒక కుక్క. దాని పేరు ఇనస్పెక్టరు. ఊరి నోళ్ళలో నలిగి ఇనస్పెట్రు అయింది. అది దొరికిన విధం కూడా గట్టు వ్యవహారమే. ఒక వేసవిలో గట్టు లోవైపు వాలులో పెద్ద బొరియ కనబడితే, పందికొక్కుదనుకుని పూడ్చడానికి మట్టి సిద్ధం చేసుకున్నాడు. మొదటి తట్ట పొయ్యబోతుంటే లోపలి నుంచి కుయ్ మని వినబడింది. ఏదో తల్లి కుక్క అందులో ఈని, మిగతా పిల్లల్ని మోసుకుపోయింది. దీన్ని మరిచిపోయిందో, మళ్ళీ వద్దామనుకుని రాలేకపోయిందో. చెయ్యి పెట్టి తీస్తే అరచేతిలో ఇమిడే ఎర్రపిల్ల. దాన్ని లుంగీ మడతలో పెట్టుకుని బొరియ మొత్తం పూడ్చి, దిమ్మిసతో కొట్టి, అప్పుడు ఇంటికి తీసుకెళ్ళి పాలు పట్టాడు. ముందు బొరియ, తరవాత పిల్ల. అతని వరస అది.

బొరియలో పుట్టినందుకో ఏమో, దానికి బొరియల వాసన బాగా తెలిసేది. గడ్డి కప్పేసిన కన్నం దగ్గర కూడా ఆగి, ముందుకాళ్ళు చాచి, అతనొచ్చేదాకా కదిలేది కాదు. అతను పూడుస్తుంటే పక్కన కూర్చుని, పని బాగా జరుగుతోందా లేదా అన్నట్టు చూసేది. ఆ చూపుకే పేరొచ్చింది. కొండలరావు భార్య చిన్నతల్లి మొదట్లో కుక్కని గడప దాటనివ్వనంది. రెండు నెలలకి దానికి పెరుగన్నం వేరే గిన్నెలో కలిపేది. భర్తకి పెట్టే ముందు కలిపేది, అదీ విశేషం.

ఇనస్పెట్రుకి ఒక్క దుర్గుణం ఉండేది. మధ్యాహ్నం కొండలరావు అన్నం తిని కునుకు తీసే వేళకి ఎక్కడికో మాయమయ్యేది. సాయంత్రం మూతికి చేపల వాసనతో తిరిగొచ్చేది. "మీ ఇనస్పెట్రు లంచాలు మరిగిందండోయ్" అని చిన్నతల్లి నవ్వేది. రేవులో వలలు దులిపేవాళ్ళు ఎవరో వేస్తున్నారనుకుని అతను పట్టించుకోలేదు.

పట్టించుకోవలసిన బాధ అతనికి వేరే ఉంది. ఇరవైరెండు జూలైలో పెద్ద వరదొచ్చి పోయాక గట్టు ఎత్తు పెంచడానికి మెట్ట నుంచి లారీల్లో ఎర్రమట్టి తెచ్చి పోశారు. లంకల్లో నేలంతా ఒండ్రు, బూడిదరంగు, నీళ్ళు తగిలితే పాలకోవాలా జారిపోతుంది. ఈ ఎర్రమట్టి గులకరాళ్ళతో కలిసి, తడిసి ఆరాక రాయిలా బిగుస్తుంది. అలాంటి మట్టిని ఎవరో దొంగిలిస్తున్నారు. ట్రాక్టర్లతో కాదు. రేవు దిగే చోట, గట్టు అంచున, తట్టెడు తట్టెడు. ఇవాళ అతను సరిచేసి వెళితే వారం తిరిగేసరికి మళ్ళీ అక్కడే కొరికినట్టు ఉండేది. ఇళ్ళు కట్టుకుంటున్న వాళ్ళందరినీ అనుమానించాడు. ట్రాక్టరు వాళ్ళతో గొడవపడ్డాడు. సగం ఊరి చేత మాటలు పడ్డాడు. కుక్కకి ఆ చోటు వాసన చూపించి వదిలితే, అది నేరుగా రేవులోకి దిగి, నీళ్ళకేసి చూస్తూ కూర్చుని చెవి గోక్కునేది. నీళ్ళ దగ్గర వాసన తెగిపోయింది పాపం అనుకునేవాడు.

ఆ పెద్ద వరదకే ఇంకో సంగతి కూడా జరిగింది. గట్టుకి ఎదురుగా, పాయ అవతల చిన్న లంక ఉంది. అక్కడ పాతిక గడపలు. అందులో వీరాయమ్మది ఒకటి. భర్త పోయాక మూడు ఆవులు, నాలుగు బెండ మళ్ళు, తమ్ముడు ఎర్రయ్య పడవ, వీటితో నెట్టుకొస్తున్న మనిషి. లంక మునిగినప్పుడల్లా అక్కడి వాళ్ళు పశువులతో సహా గట్టెక్కి, వరద తీసేదాకా టార్పాలిన్ల కింద ఉంటారు. ఆ ఏడు నీరు ఒక్కసారిగా పొంగింది. వీరాయమ్మ పుల్లావు రోజుల తరబడి పీకల్లోతు నీళ్ళలో నిలబడిపోయింది. ఎలాగో పడవకి కట్టి గట్టెక్కించారు గానీ, ఎక్కాక కాళ్ళు మడిచి కూలబడి మళ్ళీ లేవలేదు.

వాలులో ఒక పక్కన పూడ్చుకుంటానని ఆమె కొండలరావుని బతిమాలింది. ఇంట్లో పుట్టిన ఆవండి, ఏట్లో తొయ్యలేనండి అని ఏడ్చింది. అతను ఒప్పుకోలేదు. ఆవుకి కావలసింది చిన్న గుంట కాదు, ఏరేమో గట్టు నిండా ఉంది. సాయంత్రానికి చుట్టూ గుడారాల వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఆఖరికి పదిమంది పట్టి నీళ్ళలోకి తోశారు. ఆవు కొంతదూరం పోయి, సుడిలో తిరిగి, మళ్ళీ గట్టువైపే వచ్చింది. ఒడ్డుకి ఆనుకుని ఊగుతుంటే కొండలరావే వెదురు గెడతో నడి ఏట్లోకి నెట్టాడు. వీరాయమ్మ చూస్తూ నిలబడింది. ఆనాటి నుంచి అతను ఏది అడిగినా ఆమె దగ్గర ఒకటే జవాబు, ఆయ్ అని, అంటే అవునండి అని. మర్యాదకి లోటు లేదు. ఆ ఒక్క మాటలో ఎంత దూరముందో అతనికి తెలిసేది. చేసింది తప్పు కాదని అతనికి ఇప్పటికీ నమ్మకమే. అయినా ఆవు వెనక్కి తిరిగి రావడం మాత్రం కలలోకొచ్చేది.

ఈ ఏడు ఆగస్టులో మళ్ళీ నీరొచ్చింది. అంత పెద్దది కాదు గానీ రెండో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్ళింది. లంక జనం గట్టెక్కారు. కొండలరావు ఎప్పటిలాగే గుడారాల గుంజలు నేలలో పాతనివ్వకుండా ఇసుక బస్తాల మధ్య నిలబెట్టించాడు. పొయ్యిలకి గుంట తియ్యకుండా ఇటుకలు సర్దించాడు. వీరాయమ్మ ఈసారి పశువులు లేకుండా వచ్చింది. ఏమయ్యాయని ఎవరో అడిగితే, మెరక మీద ఉన్నాయండి, తమ్ముడు రోజూ వెళ్ళి గడ్డేసి వస్తున్నాడండి అంది. లంకలో మెరకెక్కడిదా అని కొండలరావుకి అనుమానమొచ్చింది గానీ, ఆమెని అడిగే మొహం లేక ఊరుకున్నాడు.

నీరు తియ్యడం మొదలైన రోజు పొద్దున్నే ఇనస్పెట్రు పిల్లలు ఆడుకునే గుడారాల వెనక మొరిగింది. మామూలుగా బొరియ చూపించేటప్పుడు అది మొరగదు. కొండలరావు పరిగెత్తాడు. వరదకి ఏట్లో పాములన్నీ గట్టెక్కుతాయి. గడ్డిలో కన్నం, కన్నం ముందు చుట్టచుట్టుకున్న రక్తపింజర. కుక్క దానికీ గుడారాలకీ మధ్య నిలబడి ఉంది. అప్పటికే మూతి మీద కాటు పడింది. జనం కర్రలతో పామును చంపారు. కొండలరావు అటు చూడలేదు. కన్నం సంగతి కూడా చూడలేదు. కుక్కని రెండు చేతులా ఎత్తుకుని తూము దగ్గర తను కాపలా ఉండే రేకుల షెడ్డుకి పరిగెత్తాడు. ఆ బొరియని ఇంకెవరో పూడ్చారని అతనికి తరవాత గానీ తెలియలేదు. అతని వరస తప్పింది ఆ ఒక్కసారే.

పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే తీసుకురమ్మన్నాడు. రోడ్డు మీద నడుంలోతు నీరు. చిన్నతల్లి ఒళ్ళో పడుకోబెట్టుకుని నీళ్ళు తాగించబోయింది. మూతి వాచిపోయి నాలుక కదల్లేదు. మధ్యాహ్నం, రోజూ అది మాయమయ్యే వేళకే, ఒకసారి తల ఎత్తి రేవువైపు చూసి పోయింది. కొండలరావు దాని చెవి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అతను ఏడవగా చిన్నతల్లి చూడ్డం అదే మొదలు.

అప్పుడే ఇరిగేషన్ ఏఈ గారు ఫోన్ చేసి, హెచ్చరిక తీసేశారని, పక్క ముక్క లస్కరు చూసుకుంటాడని, సాయంత్రం దాకా ఇంటికెళ్ళి పడుకోమని చెప్పారు. అలాగేనండి అన్నాడు. కుక్క సంగతి చెప్పలేదు.

షెడ్డు దగ్గర జనం చేరారు. దాన్ని గట్టు మీదే, పాము కరిచిన చోటే పూడ్చిపెడదామని అందరూ అన్నారు. ఆ గుడారాల్లో పిల్లలున్నవాళ్ళు మరీ పట్టుబట్టారు. ఒక రాయి పాతుదామన్నారు. అతనితో ఎప్పుడూ గొడవపడే ట్రాక్టరు వాళ్ళు కూడా తలలూపారు. ఎర్రయ్య ఎక్కడి నుంచో పార తెచ్చి, ఎక్కడ తవ్వమంటారండి అని నిలబడ్డాడు. కొండలరావు తలెత్తాడు. జనం వెనకాల, గుడారం ముందు, వీరాయమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ కూర్చుని ఉంది. చేతులు ఆగిపోయి ఉన్నాయి. ఆమె ఇటే చూస్తోంది.

"పార పక్కన పెట్టవయ్యా ఎర్రయ్యా" అన్నాడు కొండలరావు. "ఆవుకి లేని చోటు కుక్కకి ఎక్కడి నుంచొస్తుంది?"

వీరాయమ్మ తల దించుకుని మళ్ళీ బియ్యం ఏరింది.

అతను తన పాత ఖాకీ చొక్కాలో కుక్కని చుట్టి, గోనెసంచిలో పెట్టి భుజానికెత్తుకున్నాడు. గట్టు దిగితే లోవైపు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి కొబ్బరితోట. ఆయన మంచివాడే. చెట్టు మొదట్లో వెయ్యవయ్యా, రెండేళ్ళు ఎరువు పని లేదు, కాయ బాగా దిగుతుంది అన్నారు. కోనసీమలో చచ్చిన దూడైనా కుక్కైనా చివరికి చేరేది కొబ్బరి మొదట్లోకే. కొండలరావు కూడా ఎన్నో మోసి వేశాడు. ఇవాళ ఎరువన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఆయన మాటలో తప్పులేదని తెలిసి కూడా గుచ్చుకుంది. అయినా కాస్త మెరక చూసి తవ్వబోయాడు. తూములు మూసేసి ఉన్నందువల్ల మురుక్కాలవ వెనక్కి తన్ని తోటంతా నీళ్ళే. రెండు పారలు తీసేసరికి గుంట నిండా నీరు ఊరింది. పక్కన తవ్వితే అక్కడా అంతే. అలాంటి గుంటలో పెడితే రేపటికి తేలుతుంది. కాలనీలో తన ఇంటి పెరడు సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ బాతులు ఈదుతున్నాయి. పోనీ ఉంచుదామా అంటే వరద తీశాక పంచాయతీ ట్రాక్టరు వస్తుంది, కొట్టుకొచ్చిన కళేబరాలతోపాటు వేసుకుని, బ్లీచింగ్ చల్లి, డంపింగు యార్డులో పారేస్తుంది. ఆ లోపు ఎండలో ఎన్నాళ్ళుంచుతాడు?

గోనెసంచితో మళ్ళీ గట్టెక్కాడు. ఇక మిగిలింది ఏరు. రేవు మెట్ల మీద సంచి దింపి, వెదురు గెడ తెచ్చుకున్నాడు. వరదల్లో ఎన్నో కళేబరాలని అదే గెడతో నెట్టాడు. అవి ఎక్కడికి పోతాయో అతనికి తెలుసు. వంతెన స్తంభాలకి ఆనుకుంటాయి, తుమ్మకంపలో ఇరుక్కుంటాయి, కాకులు వాలతాయి, ఇంకో ఊళ్ళో ఇంకో లస్కరు ముక్కుకి గుడ్డ కట్టుకుని ముందుకు నెడతాడు. నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. వంగి సంచి పట్టుకున్నాడు. మళ్ళీ వదిలేశాడు. ఇలా రెండుమూడుసార్లయింది. ఇది కూడా వెనక్కి తిరిగొస్తే తన చేత్తో నెట్టగలడా? నెట్టలేడని అతనికి అప్పుడే తెలిసిపోయింది. వీరాయమ్మ ఆ రోజు ఏం చూసిందో కూడా అప్పుడే తెలిసింది. తెలిసి, మెట్టు మీద చతికిలబడ్డాడు.

గెడ రెండో కొస ఎవరో పట్టుకున్నారు. చూస్తే వీరాయమ్మ.

"ఏట్లో వద్దండి" అంది. ఆయ్ కాకుండా అన్నేళ్ళకి ఆమె అతనితో అన్న మొదటి మాట అది. "మా మెరక మీద చోటుందండి. పడవెక్కండి."

అతను ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే సంచి చివర పట్టుకుని పడవ దగ్గరికి నడుస్తోంది. చిన్నతల్లి పరిగెత్తుకొచ్చి రాళ్ళుప్పు పొట్లం, పసుపు ఇచ్చింది. ఎర్రయ్య పడవ తీశాడు. దారిలో వరదకి ఎదురు గెడ వెయ్యడం కష్టమే, అయినా ఎర్రయ్య మరీ నీళ్ళనే చూస్తున్నాడు, కొండలరావు మొహం కేసి ఒక్కసారి కూడా చూడలేదు. కొండలరావు గమనించే స్థితిలో లేడు. సంచి మీద చెయ్యేసి కూర్చున్నాడు.

లంక దగ్గరయ్యేకొద్దీ అరటిచెట్ల తలలు, ఇళ్ళ కప్పులు కనబడ్డాయి. వీరాయమ్మ ఇంటి వెనక, నీళ్ళ మధ్య, రెండు ఆవులూ ఒక పెయ్యా తాపీగా నెమరేస్తూ నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ళ కింద నేల పొడిగా ఉంది. కొండలరావు కళ్ళు చికిలించాడు. బూడిదరంగు ఒండ్రు తప్ప ఉండని లంకలో ఆ ఒక్క దిబ్బ ఎర్రగా ఉంది.

పడవ దిగాడు. వీరాయమ్మ పశువులని కాస్త జరిపి, అంచున ఒక మూల చూపించి ఇక్కడ తవ్వండి అంది. అతను పార వేశాడు. పారకి గులకరాళ్ళు తగిలాయి. మోకాలి లోతు తవ్వినా చుక్క నీరు ఊరలేదు. పొరపొరా తొక్కి బిగించిన మట్టి. ఇల్లు కట్టే మేస్త్రీ కూడా అంత శ్రద్ధగా వెయ్యడు. అతను ఒక పిడికెడు తీసి నలిపి చూశాడు. ఆ మట్టిని అతను చీకట్లో ముట్టుకున్నా గుర్తుపడతాడు. అలాంటి మట్టి కోసమే సగం ఊరితో వైరం తెచ్చుకున్నాడు.

"ఇది ఎక్కడి మట్టండి?" అన్నాడు.

"మీకు తెలీదాండీ" అంది వీరాయమ్మ. దాచే ఉద్దేశం లేదు ఆమెకి. "ముందు లంక మట్టితో వేసేనండి. అదేడే వరదకి కరిగిపోయింది. ఎర్రమట్టయితే ఆగుద్దని, మధ్యాహ్నం మీరు పడుకున్నప్పుడు ఓ తట్ట, ఓ తట్ట తెచ్చుకున్నానండి. పుల్లావులాగా ఇంకోటి నిలబడి చావకూడదనుకున్నానండి. ఇదంతా మీ గట్టేనండి."

ఎర్రయ్య పడవలోంచి దగ్గాడు. కొండలరావు పిడికిట్లో మట్టి అలాగే ఉంది. అతనికి కోపం రావాలి. వచ్చింది కూడా, అతని స్వభావం ఎక్కడికి పోతుంది? రేవు దగ్గర కొరికిన అంచు, దాని వెనక ఊరు, అన్నీ కళ్ళ ముందు మెదిలాయి. ఆ కోపంతోనే అడగబోతే నోట్లోంచి ఇంకో ప్రశ్న వచ్చింది.

"మా ఇనస్పెట్రు చూళ్ళేదాండి? మొరగలేదా?"

"మొదట్రోజు మొరిగిందండి. చేప తల వేసేను. ఆ తర్వాత నాతోపాటు పడవెక్కి వచ్చేసేదండి. నేను మట్టి పోసి తొక్కుతుంటే, సరిగ్గా తొక్కుతున్నానా లేదా అని చూస్తూ కూర్చునేది. ఇదిగో, ఈ మూలే కూర్చునేదండి. అందుకే ఇక్కడ తవ్వమన్నాను."

కొండలరావుకి ముందు నవ్వొచ్చింది. రేవు దాకా తీసుకెళ్ళి, నీళ్ళకేసి చూస్తూ చెవి గోక్కున్న కుక్క గుర్తొచ్చింది. దొంగ ఇల్లు దానికి తెలుసు. అది చూపించింది కూడా. తనే పడవెక్కలేదు. నవ్వుతూనే గుంట అంచున కూర్చుండిపోయాడు. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. వీరాయమ్మ దగ్గరకొచ్చి పక్కన కూర్చుంది. పుల్లావుకి నుదుటి మీద తెల్లమచ్చ ఉండేదని, పిలిస్తే గుమ్మంలోకి తల పెట్టేదని, ఇన్నాళ్ళకి అతనితో చెప్పింది. అతను విన్నాడు. నేనే నెట్టేనండి అన్నాడు. తెలుసండి అంది ఆమె.

గుంటలో ఉప్పు పోసి, ఖాకీ చొక్కాతో సహా కుక్కని పడుకోబెట్టి, మీద మళ్ళీ ఉప్పు, పసుపు చల్లారు. కొండలరావు మట్టి ఒక్కసారిగా తొయ్యలేదు. బెత్తెడు పోసి తొక్కి, మళ్ళీ బెత్తెడు పోసి తొక్కి, బొరియ పూడ్చినట్టే పూడ్చాడు. పెయ్య వచ్చి తాజా మట్టిని వాసన చూసింది. పొద్దువాలుతుండగా గట్టుకి తిరిగొచ్చారు. రేవులో దిగేటప్పుడు అతను కొరికిన అంచుకేసి చూసి, ఇంక ఇక్కడ ముట్టుకోకండి, కావలసింది నేను చూస్తాను అన్నాడు. వీరాయమ్మ ఆయ్ అంది. ఈసారి అందులో ఆ దూరం లేదు.

వరద తీసింది. లంకకి జనం వెళ్ళిపోయారు. కొండలరావు ఒంటరిగా గట్టు మీద తిరుగుతున్నాడు. గడ్డిలో బొరియ కనబడినప్పుడల్లా పక్కకి చూస్తాడు. ఇంకో కుక్కని తెచ్చుకోమని అందరూ అంటున్నారు. తెచ్చుకుంటానంటాడు.

తవ్వి పూడ్చిన మట్టి దిగుతుందని ఊరందరికీ చెప్పిన మనిషికి ఒకరు చెప్పాలా? చలికాలం వచ్చేసరికి మెరక మీద ఆ మూల జానెడు దిగింది. ఆ నెలలోనే గట్టు మరమ్మతుకి లారీలు వచ్చాయి. అవి తిరిగే దారిలో రాలిన ఎర్రమట్టిని కొండలరావు చీపురు పట్టి ఊడ్చాడు. గట్టుది చిటికెడు తియ్యలేదు. ఊడ్చినదాన్ని తట్టలోకెత్తి, మధ్యాహ్నం కునుకు మానేసి, తట్ట నెత్తిన పెట్టుకుని రేవులోకి దిగాడు. టీ కొట్టు దగ్గరివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. లస్కరే మట్టి మోసుకుపోతే ఇంక ఎవరికి చెప్పుకోవాలని ఒకడన్నాడు. అతను వినిపించుకోలేదు. మెరక మీద ఆ మూల సమం చేసి తొక్కుతుంటే, వీరాయమ్మ ఆకులో అన్నం, చేపల పులుసు పెట్టి ఇచ్చింది. ఆ మూలే కూర్చుని తిన్నాడు.

సాయంత్రం ఇంటికొస్తే చిన్నతల్లి గుమ్మంలోనే ఆపి వాసన చూసింది. కళ్ళు తుడుచుకుని, "మీరూ లంచాలు మరిగేరా అండీ?" అంది.

"ఆయ్" అన్నాడు కొండలరావు.